అందరూ చూస్తున్న వైపు

దయ్యం అనే మాట వింటే నాకు భయం కాదు, విసుగు వచ్చేది. నరసరావుపేటలో డిగ్రీ చదివేటప్పుడు మా హాస్టల్లో వెనక బాత్‌రూముల దగ్గర తెల్లచీర ఆవిడెవరో తిరుగుతుందని అమ్మాయిలు ఒకటే గోల. ఒక్కతీ ఒంటరిగా పోయేది కాదు. నన్ను తోడు రమ్మనేవాళ్లు. నేను బకెట్ పట్టుకుని ముందు నడుస్తూ, "ఏవమ్మా తెల్లచీరా, కాస్త పక్కకు జరుగు, మావాళ్లు వస్తున్నారు" అని పిలిచేదాన్ని. వాళ్లు ఏడుపు మొహాలు పెట్టేవాళ్లు, నేను నవ్వేదాన్ని. పెళ్లయి ఈపూరు దగ్గర మా అత్తగారి ఊరు వచ్చాక కూడా నా తీరు మారలేదు. పిల్లకు జ్వరమొస్తే గాలి సోకిందనేవాళ్లను చూస్తే ఒళ్లు మండేది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నేను రాసింది చదివి ఈవిడకు ముందు నుంచీ ఈ పిచ్చి ఉందని ఎవరూ అనుకోకూడదు. లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. అన్నీ పట్టపగలు జరిగినవే.

మా ఆయన శ్రీను లారీ డ్రైవరు. మిర్చి లోడు వేసుకుని ఉత్తరాదికి పోతే మళ్లీ ఇంటి మొహం ఎప్పుడు చూస్తాడో ఆయనకే తెలియదు. మాకు ఒక్కతే కూతురు, చిట్టి. నాలుగో ఏడు నడుస్తోంది. ఆయన వచ్చిన ప్రతిసారీ అది కొత్త మనిషిని చూసినట్టు మా అత్తయ్య కుచ్చిళ్ల వెనక దాక్కునేది. ఆయన పైకి నవ్వేవాడు గానీ అన్నం సరిగ్గా తినేవాడు కాదు.

అందుకని నేను ఒక పని మొదలుపెట్టాను. రోజుకొక ఫొటో తీసి ఆయనకు పంపడం. పండగ ఫొటోలు, కొత్త గౌను ఫొటోలు కావు. ఆ రోజు ఇంట్లో ఏం జరుగుతుంటే అది. అత్తయ్య మంచం మీద కూర్చుని గోంగూర గిల్లుతుంటుంది. చిట్టి తలంతా నూనెతో, మూతంతా పప్పన్నంతో ఉంటుంది. మామయ్య పేపరు మొహాన కప్పుకుని కునుకు తీస్తుంటారు. తీస్తున్నానని ఎవరికీ చెప్పేదాన్ని కాదు. చెబితే అత్తయ్య పెళ్లిచూపులకు కూర్చున్నట్టు బిగుసుకుపోతుంది, చిట్టి నాలుక బయటపెడుతుంది. చెప్పకుండా తీస్తేనే ఇల్లు ఇల్లులా కనపడుతుంది. ఆయన ఆ ఫొటోలు దాబాల దగ్గర తోటి డ్రైవర్లకు కూడా చూపించేవాడట.

పోయిన చలికాలం మా మామయ్య పోయారు. మధ్యాహ్నం భోంచేసి వసారా చివరి గదిలో పడుకున్నవారు మళ్లీ లేవలేదు. మా వైపు ఒక పద్ధతి ఉంది. మనిషి ఇక దక్కడు అనిపిస్తే గదిలోంచి బయటికి తెచ్చి వసారాలో పడుకోబెడతారు, ప్రాణం గదిలో పోకూడదని. మామయ్య ఆ అవకాశం ఇవ్వలేదు. పంతులుగారు పంచాంగం చూసి, పోయిన నక్షత్రం మంచిది కాదు, ఆరు నెలలు ఇల్లు విడిచిపెట్టి పోవాలన్నారు.

ఎక్కడికి పోతాం? కొట్టంలో బర్రెలున్నాయి, కల్లంలో మిరపకాయలు ఎండుతున్నాయి. పెద్దమనుషులు కూర్చుని సర్దుబాటు చేశారు. ఇల్లంతా కాకుండా ఆయన పోయిన గది ఒక్కటీ మూసేస్తే చాలన్నారు. ఈ రోజుల్లో చానామంది అట్టాగే చేస్తున్నారని కూడా చెప్పారు. పంతులుగారు ఔననలేదు, కాదనలేదు, సంచీ సర్దుకుని వెళ్లిపోయారు. గదికి తాళం వేసి, తలుపుకు అడ్డంగా తుమ్మకంప కట్టారు. దోషం కూడా మనతో బేరమాడి ఒక గదికి సరిపెట్టుకుంటుందన్నమాట అని నేను మనసులో నవ్వుకున్నాను.

కర్మకాండలు అయ్యాక శ్రీను మళ్లీ లోడుకు వెళ్లాడు. నేను మళ్లీ ఫొటోలు మొదలుపెట్టాను. మూసిన గది తలుపు వసారా చివర ఉంటుంది. ఆ తలుపుకు వీపు పెట్టి నిలబడితే వసారా మొత్తం ఫొటోలో పడుతుంది. వెలుతురు కూడా బాగుంటుంది. అందుకని అక్కడే నిలబడి తీసేదాన్ని. అంతకుమించి ఆ చోటు గురించి నేను ఆలోచించలేదు.

ఒక రోజు ఫొటో పంపిన కాసేపటికి ఆయన ఫోన్ చేశాడు.

"ఏమే, ఇంటికెవరొచ్చారు?"

"ఎవరూ రాలేదే."

"రాకపోవటమేంది? అమ్మ మంచం మీంచి లేస్తంది గదా. చిట్టి కూడా ఆయన వంకే చూస్తంది."

"ఏ ఆయన?"

"నీ పక్కన నిలబడినాయన."

ఎండకు కళ్లు మసకలు కమ్మాయేమో కాస్త పడుకోండి అని ఎకసెక్కమాడి ఫోన్ పెట్టేశాను. తర్వాత ఫొటో తెరిచి పెద్దది చేసి చూశాను.

అత్తయ్య ఒక చేత్తో మంచం పట్టె పట్టుకుని సగం లేచి ఉంది. రెండో చేత్తో చెంగు భుజాల చుట్టూ కప్పుకుంటోంది. పెద్దవాళ్లు, అందులోనూ మగవాళ్లు వాకిట్లోకి వస్తే ఆడవాళ్లు లేస్తారే, సరిగ్గా అలాగ. ఆమె చూపు నా మీద లేదు. నా ఎడమ భుజం మీదుగా, నాకంటే బాగా ఎత్తులో ఎవరి మొహాన్నో చూస్తోంది. కింద చాప మీద కూర్చున్న చిట్టి కూడా మెడ వెనక్కి వాల్చి అటే చూస్తోంది.

నేను ఆ ఫొటో తీసి ఎంతోసేపు కాలేదు. తీసేటప్పుడు అత్తయ్య మంచం దిగనే లేదు. మిరపకాయలకు తొడిమలు తీస్తూ ఎవరి మీదో చాడీలు చెబుతోంది. చెంగు మాట దేవుడెరుగు, ఎండకు జాకెట్ చేతులు కూడా పైకి మడుచుకుని ఉంది.

వెనక్కి పోయి పాత ఫొటోలు చూశాను. మామయ్య ఉన్నప్పటి వాటిలో ఏమీ లేదు. గది మూసిన తర్వాతి వాటిలో మొదట చిట్టి ఒక్కతే అటు చూస్తోంది. తర్వాత అత్తయ్య తలెత్తింది. పక్కింటి కోటమ్మ పిన్ని మజ్జిగకు వచ్చిన రోజు ఆమె కూడా గిన్నె చంకలో పెట్టుకుని ఒదిగి నిలబడింది. ముగ్గురి చూపూ ఒకే చోట. ఇన్ని రోజులు నేనే తీసి, నేనే పంపి, ఒక్కసారి కూడా గమనించలేదు. అప్పుడు మొదటిసారి నాకు భయమేసింది.

అయినా నేను నేనే కదా, కారణాలు వెతికాను. గోడ మీద బల్లి ఉందేమో. ఈ కాలం ఫోన్లు మొహాలను వాటి ఇష్టమొచ్చినట్టు దిద్దుతున్నాయి, అలాంటి తిప్పలేమో. కోటమ్మ పిన్ని కొడుకు ఫోన్ అడిగి తెచ్చి తీశాను. అందులోనూ అంతే. వీడియో తీస్తూ మధ్యలో ఫొటో తీసే వీలుంటుంది కదా, అలా కూడా చేశాను. వీడియోలో అత్తయ్య తల వంచుకుని పని చేసుకుంటోంది, చిట్టి బొమ్మ జుట్టు పీకుతోంది, ఎవరూ ఎటూ చూడలేదు. అదే వీడియో మధ్యలో తీసిన ఫొటోలో ఇద్దరూ నా పక్కకు చూస్తున్నారు. అత్తయ్య లేచి ఉంది.

ఇక దాచలేక అత్తయ్యకు చూపించాను. కేకలు పెడుతుందనుకున్నాను. పెట్టలేదు. చేతులు చెంగుకు తుడుచుకుని, ఫోన్ దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది.

"మామయ్యేనేమో అత్తయ్యా" అన్నాను. ఆ మాట నా నోటి నుంచి వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. నిజం చెప్పాలంటే ఆమె ఔననాలని ఆశపడ్డాను. మామయ్య అయితే భయమేముంది? మనవరాలంటే ప్రాణం పెట్టేవారు.

"మీ మామ కాదమ్మాయ్" అంది. "ఆయనొస్తే నేను మంచం దిగేదాన్నా ఏంది? కాఫీ కూడా కూచునే ఇచ్చేదాన్ని. పైగా ఆయన పొట్టి. నా చెవి దాకా వచ్చేవాడు. ఇది చూడు, నేను ద్వారబంధమంత ఎత్తుకు చూస్తన్నా."

ఫోన్ నా చేతికిచ్చేసి, "ఇట్టా నేను మా మామగారికి లేచేదాన్ని, కాపరానికొచ్చిన కొత్తలో" అంది. "ఆయన్ని చూస్తే ఇంటిల్లిపాదికీ హడలు."

ఆయనేనా అని అడిగాను. ఆమె తల అడ్డంగా ఊపింది. ఆయన కూడా అంత ఎత్తు కాదట.

మర్నాడు నేను చోటు మార్చాను. వసారా రెండో చివరకు పోయి, మూసిన తలుపు ఎదురుగా కనపడేట్టు నిలబడ్డాను. ఫొటో తీసి వెంటనే చూశాను. తాళం తాళంలాగే ఉంది, కంప కదల్లేదు, తలుపు దగ్గర ఎవరూ లేరు. ఒక్క క్షణం ఊపిరి పీల్చుకున్నాను. తర్వాత అత్తయ్య కళ్లు చూశాను. ఆమె తలుపు వైపు చూడటం లేదు. ఇటు, నా పక్కకే చూస్తోంది. అంటే అది తలుపు దగ్గర ఉండేది కాదు. నేను ఎక్కడ నిలబడి ఫోన్ ఎత్తితే అక్కడ, నా భుజం పక్కన ఉంటోంది.

అంతకంటే చెడ్డది ఆ ఫొటోలో ఇంకొకటి ఉంది. చిట్టి నాకు దగ్గర్లో, ఫొటో అంచున నిలబడి ఉంది. కుడి చెయ్యి తలకంటే పైకి ఎత్తి పిడికిలి బిగించింది. నడక నేర్చుకునే పిల్లలు పెద్దవాళ్ల వేలు పట్టుకుంటారే, అలాగ. పిడికిలి పూర్తిగా మూసుకోలేదు. లోపల పెద్దవాళ్ల వేలు పట్టేంత సందు ఉంది. ఆ సందులోంచి వెనక గోడ సున్నం కనపడుతోంది.

 ఫోన్ స్విచ్చాఫ్ చేసి బీరువాలో చీరల కింద పెట్టాను. అత్తయ్య ఫోన్ నుంచి శ్రీనుకు చేసి ఏడ్చాను. ఆయన నవ్వలేదు. "లోడు దించి వచ్చేస్తన్నా. చిట్టిని ఒంటరిగా వదలమాక" అన్నాడు.

వదల్లేదు. స్నానానికి పోతే లోపలికి తీసుకుపోయాను, నిద్రలో కూడా దాని గౌను అంచు నా చేతికి చుట్టుకున్నాను. ఫొటోలు తీయడం మానేశాను. తీయకపోతే ఏమీ ఉండదని నాకు నేను చెప్పుకున్నాను. కనపడకపోతే లేనట్టే కదా అనే ధైర్యం.

శ్రీను వచ్చే ముందు రోజు మిట్టమధ్యాహ్నం, చిట్టిని వసారాలో అత్తయ్య పక్కన కూర్చోబెట్టి, తీగ మీద బట్టలు తీద్దామని దొడ్లోకి వెళ్లాను. చేతినిండా బట్టలతో వచ్చేసరికి అత్తయ్య గోడకానుకుని నిద్రపోతోంది. పక్కన చిట్టి లేదు. గేటు తెరిచి ఉంది. ఆ గేటు గడియ నా తలంత ఎత్తున ఉంటుంది. మునివేళ్ల మీద నిలబడ్డా పిల్లలకు అందదు.

చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాను. మా సందు చివర మట్టిబాట నేరుగా సాగర్ కాలువకు పోతుంది. నీళ్లు వదిలిన రోజులు, కాలువ నిండుగా పారుతోంది. బాట మీద ఎండలో చిట్టి నడుస్తూ కనపడింది. దాని నడక పరుగూ గెంతూ కలిసి ఉంటుంది, నాలుగు అడుగులకు ఒకసారి పడుతుంది. ఆ రోజు అలా లేదు. పక్కన ఎవరి నడకతోనో సమంగా, తొందర లేకుండా పోతోంది. కుడి చెయ్యి పైకెత్తి ఉంది. భుజం మొత్తం పైకి లాగేసినట్టుంది, మడమలు సరిగ్గా నేలకు ఆనటం లేదు.

దాని పక్కన ఎవరూ లేరు. రెండు వైపులా పత్తి తీసేసిన చేలు, మోళ్లు తప్ప ఏమీ లేవు. నా కళ్లతో చూశాను. ఈసారి ఫోన్ లేదు.

కాలువ గట్టు ఎక్కబోతుండగా అందుకున్నాను. నడుం పట్టుకుని వెనక్కి లాగితే ఒళ్లంతా నా మీదకు వచ్చింది, ఆ చెయ్యి మాత్రం రాలేదు. అవతల ఎవరో పట్టుకున్నట్టు బిగిసి ఉంది. ఆ లాగుడు నా చేతులకు తెలిసింది. ఇది నేను ఊహించుకున్నదని ఎవరన్నా అనవచ్చు, నేనూ అనుకోవాలని చాలాసార్లు ప్రయత్నించాను. పిల్లను గుండెకు అదుముకుని అక్కడే మట్టిలో కూలబడ్డాను. అప్పుడు చెయ్యి ఒక్కసారిగా వదులై నా మెడ మీద పడింది.

"ఎక్కడికే పోతన్నావు?" అని అడిగాను. 

"నేను పోట్లా" అంది చిట్టి మామూలుగా. "తీసకపోతన్నారు."

ఎవరు అని నేను అడగలేదు. అడిగితే చెబుతుందేమోనని భయం. ఇప్పటికీ అడగలేదు.

మర్నాడు శ్రీను వచ్చాడు. ఎవరినీ సలహా అడగలేదు. బర్రెలను కోటమ్మ పిన్నికి అప్పజెప్పి, ఇల్లంతా మూసి, గేటుకే కంప కట్టి బయటపడ్డాం. అత్తయ్య వినుకొండలో తమ్ముడింటికి వెళ్లింది. నన్నూ చిట్టినీ బెల్లంకొండ దగ్గర మా పుట్టింట్లో దింపి ఆయన మళ్లీ లోడుకు పోయాడు. పోక తప్పదు, ఇల్లు గడవాలి.

మా నాన్నకు ఇలాంటివంటే నాకంటే ఎక్కువ వెటకారం. అంతా విని, "గడియ ఎవరో తీసుంటారు, పిల్ల ఆడుకుంటా పోయుంటది. మీ అత్తాకోడళ్లు భయంతో ఫొటోలు చూస్తే కుక్క కూడా దయ్యంలా కనపడుద్ది" అన్నాడు. నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. తిట్లు కూడా అంత చల్లగా ఉంటాయని అప్పుడే తెలిసింది. అక్కడున్న నెలల్లో ఏమీ జరగలేదు. చిట్టి ఒళ్లు చేసింది. గెంతుతూ, పడుతూ, తాతను సతాయిస్తూ తిరిగింది. నాకు కూడా నవ్వు తిరిగొచ్చింది.

ఆరు నెలలూ గడిచాక శ్రీను వచ్చాడు, మమ్మల్ని తీసుకుపోవడానికి. ఇల్లు కడిగించి శాంతి చేయించి వచ్చానన్నాడు. బయలుదేరే ముందు అరుగు దగ్గర అందరం కబుర్లలో ఉన్నాం. నాన్న కుర్చీలో కాలు మీద కాలేసుకుని ఏదో చెబుతున్నాడు. నేను మెట్టు మీద కూర్చుని చిట్టి ఎడమ చెయ్యి పట్టుకుని ఉన్నాను. అమ్మ లోపల మాకు పచ్చడి జాడీ కడుతోంది. శ్రీను ఎదురుగా వాకిట్లో నిలబడి, మాకు చెప్పకుండా ఒక ఫొటో తీశాడు. ఇన్నాళ్లకు ఇల్లు మళ్లీ మామూలైందన్న సంతోషం ఆయనది. నేను చూడలేదు, చూస్తే వద్దనేదాన్ని.

తీసింది ఫోన్లో చూసుకున్నాడు. గిరుక్కున వెనక్కి తిరిగి చూశాడు. వాకిట్లో ఎవరూ లేరు. ఫోన్ నా చేతికిచ్చాడు.

మా నాన్న జీవితంలో ఎవరి ముందూ కుర్చీ దిగలేదు. ఓట్లకు వచ్చిన పెద్ద నాయకులు ఎదురుగా నిలబడి దండం పెట్టినా కూర్చునే మాట్లాడి పంపేవాడు. భుజం మీద తువ్వాలు తీసేవాడు కాదు. అది ఆయన పొగరు, ఆయన గర్వం. ఫొటోలో నాన్న లేచి నిలబడి ఉన్నాడు. తువ్వాలు తీసి చంకలో పెట్టుకుని, తల కాస్త వంచి, కళ్లు మాత్రం పైకెత్తి శ్రీను భుజం మీదుగా చూస్తున్నాడు. నేనూ చూస్తున్నాను. చెంగు భుజాల చుట్టూ నిండుగా కప్పుకున్నాను. నా మొహంలో భయం కూడా లేదు, వినయం ఉంది. అది నన్ను అన్నిటికంటే ఎక్కువ భయపెట్టింది.

చిట్టి ఎడమ చెయ్యి నా చేతిలో ఉంది. కుడి చెయ్యి అటే చాచి, పైకెత్తి పిడికిలి బిగించి ఉంది.

నాన్న కళ్లజోడు తెచ్చుకుని ఫొటో చూశాడు. "నేను లేవలా" అన్నాడు. మళ్లీ, "నేనెవరికీ లేవనే" అన్నాడు, మమ్మల్నే అడుగుతున్నట్టు. ఫోన్ తిరిగిచ్చి చిట్టిని ఒళ్లోకి తీసుకున్నాడు. సాయంత్రం దాకా ఎవరికీ ఇవ్వలేదు. మేం బయలుదేరుతుంటే నా దగ్గరకొచ్చి, "పిల్ల చెయ్యి వదలమాకమ్మా" అన్నాడు. వెటకారం లేదు.

అత్తగారి ఊళ్లో ఆ ఇంటికి మేం తిరిగిపోలేదు. పోయినా పోకపోయినా ఒకటేనని ఆ ఫొటోతో తెలిసింది. వినుకొండలో ఒక అద్దె ఇంట్లో ఉంటున్నాం. శ్రీను దూరం లోడ్లు మానేశాడు. మా ఇంట్లో ఎవరూ ఫొటోలు తీయరు, ఎవరినీ తీయనివ్వం. అది ఎవరో, మా దగ్గర ఏం కావాలో, ఆ గదిలోంచి వచ్చిందో ఇంకెక్కడి నుంచో నాకు తెలియదు. నా చదువుతో, నా మొండితనంతో ఎన్ని రకాలుగా ఆలోచించినా ఒక్క జవాబూ నిలబడలేదు. ఉందా పోయిందా అనేది కూడా తెలియదు, ఎందుకంటే తెలుసుకునే దారి ఒక్కటే ఉంది, నేను అది చేయను.

బయటికి పోయేటప్పుడు చిట్టి ఒక చెయ్యి నేను పట్టుకుంటాను. రెండో చేతిలో ఏదో ఒకటి పెడతాను. బిస్కట్టో, బొమ్మో, ఏదీ దొరక్కపోతే నా చెంగు కొస. ఆ చెయ్యి మాత్రం ఖాళీగా ఉంచను.